ఆదెయ్య కట్టిన శిథిలం

ఆ శనివారం పొద్దున్నే హైమావతి ఊరగాయ జాడీలతో సహా వంటింట్లో సామానంతా పెరట్లోకి చేరవేసి, కొంగు బిగించి నిలబడింది. రేపల్లె దాపున ఉన్న ఆ ఊరికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె కళ్లు మండించిన వంటిల్లు ఇవాళ కూలబోతోంది. ఆ పాత ఇటుకలతోనే కిటికీలున్న కొత్త వంటిల్లు కట్టడానికి తాపీమేస్త్రి ఆదెయ్య వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లకు భర్త పాండురంగారావు ఇచ్చిన మాట అది.

మాటలివ్వడం పాండురంగారావుకు ఒక జబ్బు. కిందటి వారం తెనాలిలో ఏదో చరిత్ర సంఘం సభ జరిగితే, ఎవరూ అడక్కుండానే లేచి, తమ ఊళ్లో సరిహద్దు కోట ఉందనీ, దానికి తన పూర్వీకులే అధిపతులనీ, గోడలు ఈనాటికీ నిలిచి ఉన్నాయనీ సెలవిచ్చాడు. చప్పట్లు మోగాయి. కార్యదర్శి ప్రకాశరావు శాలువా కప్పాడు. కప్పినవాళ్లు ఊరుకుంటారా? ఆదివారం కోట చూడటానికి కారులో వస్తున్నామని ఇప్పుడే కబురు పంపారు.

కోట ఉన్నమాట నిజమే, ఒకప్పుడు. సముద్రం వైపు నుంచి వచ్చే శత్రువును కాచుకోవడానికి ఏ రాజో కట్టించాడట. ఇప్పుడు కోటదిబ్బ అన్న పేరు మాత్రం మిగిలింది. ఇటుకలన్నీ ఊరివాళ్లే బండ్లకెత్తి గొడ్లచావిళ్లు కట్టుకున్నారు. అందరికంటే ముందు బండి తోలిన మహానుభావుడు పాండురంగారావు తాతగారు. ఆయన తెచ్చిన ఇటుకలతో కట్టిందే ఈ వంటిల్లు. దిబ్బ మీద ఇప్పుడు తుమ్మచెట్లూ మేకలూ తప్ప మరేమీ లేవు.

"ఆదెయ్యా, వంటిల్లు పడగొట్టి ఇటుకలు దిబ్బ మీదికి తోలించు. అక్కడ పాడుబడిన గోడ ఒకటి కట్టాలి," అన్నాడు పాండురంగారావు.

"పాడుబడిన గోడ కట్టటమేంటండి?"

"చూసినవాళ్లు పాతకాలం కోటగోడ అనుకోవాలి. వంకరగా, ఇవాళో రేపో కూలేట్టు కట్టు."

ఆదెయ్య తాపీ కింద పెట్టేశాడు. "నావల్ల కాదండి. మా నాన్న చేతిలో దెబ్బలు తిని నేర్చుకున్న పని. వంకర గోడ కడితే రేపు నన్నెవరు పిలుస్తారండి?"

"నువ్వు కట్టావని ఎవరికీ చెప్పన్లేవయ్యా!"

"గోడ చెబుద్ది కదండి!"

ఇంతలో హైమావతి వచ్చింది. "ఏంటండీ, నా ఇటుకలు దిబ్బకెందుకు?"

"ఒక్క పూట ఓర్చుకో హైమా. వాళ్లు చూసి వెళ్లగానే సోమవారానికి నీ ఇటుకలు నీ పెరట్లో ఉంటాయి. నా పరువు నీ చేతిలో ఉంది."

భర్త మొహం చూసి ఆమెకు జాలేసింది. సరేనంది.

సాయంత్రానికి దిబ్బ మీద గోడ లేచింది. ఆదెయ్య దారానికి గుండు కట్టి మరీ లేపాడేమో, అది గీత గీసినట్టుంది. పాండురంగారావు పైవరసలో నాలుగు ఇటుకలు పీకి, తృప్తిగా చూసుకుని ఇంటికి వెళ్లాడు. ఆయన మలుపు తిరగగానే ఆదెయ్య వాటిని మళ్లీ పెట్టేశాడు.

ఆదివారం ప్రకాశరావు సభ్యులతో పాటు, పాత కట్టడాల మీద అధికారం ఉన్న శ్రీనివాసరావు అనే ఆఫీసరును కూడా వెంటబెట్టుకొచ్చాడు. పాండురంగారావు గోడకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"ఎన్ని వందల ఏళ్లయిందో, వెంట్రుకవాసి ఒరగలేదండీ!" అన్నాడు ఆఫీసరు.

గుంపు వెనక ఆదెయ్య మీసం దువ్వుకున్నాడు.

"ఈ మసి చూశారా? శత్రువులు కోటకు నిప్పు పెట్టారన్నమాట!" అన్నాడు ప్రకాశరావు. మరో ఇటుక తడిమి, "ఇదేంటి, జిడ్డు! ఓహో, మరిగే నూనె పోసి వాళ్లని తరిమికొట్టారు!"

"ఇంకా ఆరలేదేంటండి ఆ జిడ్డు?" అన్నాడొక సభ్యుడు.

"పూర్వపు నూనె అండీ అది. ఇప్పుడెక్కడ దొరుకుతుంది?" అన్నాడు ప్రకాశరావు.

పాండురంగారావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కాసేపట్లో ఆ నూనె ఏ ముత్తాత కాచాడో, ఏ ముత్తాత పోశాడో ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. సంఘం అధ్యక్ష పదవి ఆయనకేనని ప్రకాశరావు అక్కడికక్కడే ప్రకటించాడు.

"ఇక ఈ గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఒక్క ఇటుక కదిలినా కేసే," అన్నాడు ఆఫీసరు.

"రేపు... ఒక నాలుగు ఇటుకలు తీసుకున్నా కూడానా అండి?" అని పాండురంగారావు నీళ్లు నమిలాడు.

అప్పుడే హైమావతి మజ్జిగ బిందెతో దిబ్బ ఎక్కింది. ఆఫీసరు అన్న చివరి మాట ఆమె చెవిన పడనే పడింది. బిందె దించి గట్టిగా అంది: "అది మా వంటిల్లండి."

ప్రకాశరావు ఒక్కసారిగా చప్పట్లు చరిచాడు. "వంటశాల! మసీ, జిడ్డూ! అమ్మగారు ఒక్క చూపులో తేల్చేశారండీ!"

"మరి ముట్టడి?" అన్నాడు సభ్యుడు.

"ముట్టడి వంటశాల మీదే జరిగింది!"

హైమావతి భర్త వంక చూసింది. "మీరైనా నిజం చెప్పండి."

పాండురంగారావు ఒకసారి భార్యనూ, ఒకసారి ప్రకాశరావు చేతిలోని పూలదండనూ చూశాడు. "అవునండి, మా పూర్వీకుల వంటశాలే," అని మెడ వంచాడు.

ఒక పూట పరువుకు ఒప్పుకుంటే, మొత్తం వంటిల్లే దండకు అమ్మేశాడు. అయినా హైమావతి అరవలేదు. తలా ఒక గ్లాసు మజ్జిగ పోసి, ఆఫీసరు దగ్గర ఆగింది. "అన్నయ్యగారూ, ఇంత విలువైన గోడకి కాపలా వద్దా అండి? చుట్టూ మేకలు, ఇటుకల కోసం కాచుకున్న ఊరు. పరాయివాళ్లని నమ్మగలమా? ఆ వంశం వాళ్లే రాత్రీ పగలూ దగ్గరుండాలి కదండి!"

"భేష్! అదే సరైన పద్ధతి," అన్నాడు ఆఫీసరు. మళ్లీ చప్పట్లు మోగాయి. పాండురంగారావు నోరు తెరిచాడు గాని, దండ అడ్డం వచ్చింది.

చీకటి పడేలోగా దిబ్బ మీద తాటాకు పాక లేచింది. అందులోకి పాండురంగారావు పడక్కుర్చీ చేరింది. ఆయన నలుగురినీ కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పే ముందుగదిలో ఆదెయ్య పొయ్యి కట్టి, పొగగొట్టం నిలబెట్టాడు. కోటాధిపతికి క్యారియర్ వేళ తప్పకుండా వెళ్లేది. కాపలా విడిచి రావడానికి వీల్లేదు కనక, కూరలో ఉప్పు తగ్గిందన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.