పార్థసారథి గారి చివరి నాలుగు పేజీలు

ఆ శుక్రవారం పార్థసారథి గారు పెద్ద పథకమేమీ వేసుకోలేదు. ఆరింటికి కాఫీ, పదకొండుకల్లా పరిశోధన గ్రంథంలో చివరి నాలుగు పేజీలు, మధ్యాహ్నం ప్రింటు, సాయంత్రం ఐదులోగా యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అప్పగింత. ఆ తర్వాత నిద్ర. రెండుసార్లు పొడిగించిన గడువు ఆ ఐదింటితో ముగుస్తుంది. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. హైదరాబాదు పాత బావుల మీద ఏడేళ్ళుగా చేసిన పని ఆ బావుల్లోనే పడుతుంది.

చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యాక ఆయన ఆ పనికి దిగింది భార్య అరుంధతి పోరు పడలేకే. "ఖాళీగా కూర్చుని నా వంటకి వంకలు పెట్టకండి" అంటూ దరఖాస్తు ఆవిడే నింపింది. ఆవిడ పోయి మూడేళ్ళు. అంకితం పేజీ ఆ నెలలోనే టైపు చేసి పెట్టుకున్నారు. మిగిలిన పేజీలతోనే వచ్చింది చిక్కు.

పదిరోజుల కిందట ఆయన పదకొండేళ్ళ లాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది. తార్నాక మెట్రో పక్క సందులో చిన్న షాపున్న దానియేలు కీబోర్డు మార్చాడు.

"ఇంక గుర్రం లెక్క ఉరుకుతది సార్. ఎప్పుడన్న స్క్రీన్ నల్లగైతే పవర్ బటన్ పది సెకన్లు ఒత్తి పట్టుకోండ్రి."

మర్నాటి నుంచే స్క్రీన్ నల్లబడసాగింది. రెండు వాక్యాలు కొట్టేసరికి గుటుక్కున ఆరిపోయేది. ఆయన పది లెక్కపెడుతూ బటన్ నొక్కి పట్టుకునేవారు. లాప్‌టాప్ లేచేది. వాక్యాలు లేచేవి కావు.

షాపుకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిమంతుడిలా పనిచేసేది. దానియేలు టకటకా పేజీ నింపి, "మీరు గూడ కొట్టి చూడండ్రి" అనేవాడు. పార్థసారథి గారు ఎడమచేత్తో సంచి పట్టుకుని, నిలబడే, కుడి చూపుడువేలితో తన పేరు కొట్టేవారు. ఏమీ అయ్యేది కాదు.

"జూసిన్రా? మంచిగనే ఉన్నది."

అయినా పాపం, మూడుసార్లు విప్పి బిగించాడు. మూడుసార్లూ టీ తెప్పించాడు. ఆ టీ బాగుండేది.

"వేడి సార్, వేడి వల్లనే" అన్నాడు గైడు ప్రేమ్ కుమార్. ఇతను ఇంటర్లో ఆయన శిష్యుడు. ఆలస్యంగా వచ్చినందుకు ఒకటి రెండుసార్లు క్లాసు బయట నిలబడ్డవాడు కూడా. ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు సార్ అనుకుంటారు. ఒకరు లేస్తే రెండోవారూ లేస్తారు కాబట్టి ఎవరూ సరిగ్గా కూర్చోరు. గైడు మాట ప్రకారం ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే లాప్‌టాప్ ఆరిపోతూనే ఉంది, నోట్సు మాత్రం బాల్కనీ దాటి కింద ఆటో మీద పడ్డాయి.

క్యాంపస్‌లో పొద్దుటి నడక స్నేహితుడు లచ్చయ్యది వేరే వైద్యం. పరీక్షల విభాగంలో గ్రంథాలు తీసుకునే కౌంటరు అతనిదే. కీబోర్డు మార్చిన సాయంత్రమే ఒక నల్ల కడియం తెచ్చి ఆయన ఎడమచేతికి తొడిగాడు.

"బీపీకి మంచిది సారూ. నెత్తుర్ని గుంజి సాఫీగ నడిపిస్తది. మన వాకింగ్ బ్యాచ్ మొత్తానికి తెప్పించిన."

లాప్‌టాప్ గోడు విన్నాక, గురువారం పొద్దున దాని పక్కనే రెండోది తొడిగాడు. "నీకు టెన్షన్ ఎక్కువైంది. ఇగ డబుల్ పవర్."

శుక్రవారం పన్నెండయ్యేసరికి నాలుగు పేజీల్లో అరపేజీయే దక్కింది. పార్థసారథి గారు లాప్‌టాప్ చంకన పెట్టుకుని డిపార్ట్‌మెంటుకి ఆటో ఎక్కారు.

"మీరు చెప్పుండ్రి సార్, నేను కొడ్త" అన్నాడు ప్రేమ్ కుమార్.

"వద్దు సార్, మీరు గైడు."

"మీరు నా గురువు సార్."

ఈ మర్యాదలకు పావుగంట పట్టింది. ఆ తర్వాత ప్రేమ్ కుమార్ కొట్టిన రెండు గంటలూ లాప్‌టాప్ ఒక్కసారీ ఆగలేదు. గదిలో ఏసీ ఉండటమే కారణమని ఇద్దరూ తేల్చుకున్నారు. మూడున్నరకి ఒక్క వాక్యం మిగిలింది.

"ఆఖరిది మీ చేతితోనే పడాలె సార్."

పార్థసారథి గారు కుర్చీలో సర్దుకుని రెండు మణికట్లూ లాప్‌టాప్ మీద ఆనించారు. మూడో అక్షరానికి స్క్రీన్ నల్లబడింది. అలవాటుగా వేలు బటన్ మీదికి వెళ్ళింది.

"సేవ్ చేశారా సార్?"

"మీ వాక్యం పడ్డంక చేద్దామని సార్..."

వేలు గాలిలో ఆగింది. ప్రేమ్ కుమార్ ఫోన్ తీశాడు. పావుగంటలో దానియేలు స్కూటర్ మీద వచ్చి, లాప్‌టాప్ పక్కన స్క్రూడ్రైవరు పెట్టాడు. సాయం చేద్దామని పార్థసారథి గారు ఎడమచెయ్యి చాచారు. స్క్రూడ్రైవరు టక్కున ఎగిరి కడియానికి అతుక్కుంది.

ముగ్గురూ దానివంక చూశారు.

"సార్, ఆ చెయ్యి జెర దూరం తీయుండ్రి." దానియేలు బటన్‌ని ఊరికే అలా తాకాడు. వెలుగు వచ్చింది. పేజీలన్నీ ఉన్నాయి. "మూతల అయస్కాంతం ఉంటది సార్. మూత మూస్తే దాన్ని పసిగట్టి లాప్‌టాప్ పండుకుంటది. మీ కడియం దగ్గరికొస్తే మూత మూసిన్రనుకుంటున్నది. ఊకె లేపితే లేస్తుండె. మీరు గొంతు పిసుకుతున్నరు."

"పది సెకన్లు పిసకమన్నది నువ్వే కదయ్యా!"

దానియేలు స్క్రూడ్రైవరు ఊడదీసుకునే పనిలో పడ్డాడు.

కడియాలు రెండూ ఊడి జేబులోకి వెళ్ళాయి. ఆఖరి వాక్యం, ప్రింటు, ఆటో. నాలుగూ నలభైకి పార్థసారథి గారు కౌంటరు ముందు నిలబడ్డారు. ముందున్న నలుగురు విద్యార్థులూ నేలమీద కూర్చుని ఉన్నారు.

"సిస్టమ్ ఖరాబు. సోమవారం రాండ్రి" అంటున్నాడు లచ్చయ్య.

"ఇవాళే ఆఖరు కదయ్యా!"

"నేనేం జెయ్యాలె సారూ? నిన్ననే ఈ కొత్త లాప్‌టాప్ ఇచ్చిన్రు. పొద్దుగాల నుంచి ఆగుతనే ఉన్నది. ఎంట్రీ పడకుంటే తీసుకునేది లేదు. నా బీపీ ఎంతున్నదో తెల్సా?"

పార్థసారథి గారు అతని చేతివంక చూశారు. మూడు కడియాలు.

"లచ్చయ్యా, ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

"గిప్పుడు జాతకం జెప్తవా?"

ఆయన మూడూ ఊడదీసి తన జేబులో వేసుకున్నారు. నేలమీద కూర్చున్న నలుగురి పని ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆయన వంతు వచ్చేసరికి ఐదుకి పది నిమిషాలుంది. లచ్చయ్య గ్రంథం తెరిచి అంకితం పేజీ దగ్గర ఆగాడు.

"మేడమ్ పేరేనా సారూ?"

"ఆవిడదే."

లచ్చయ్య ఆ పేజీ జాగ్రత్తగా తిప్పి, మొదటి పేజీ మీద ముద్ర కొట్టి రసీదు చేతిలో పెట్టాడు.

కడియాలు ఐదూ ఇప్పుడు పార్థసారథి గారి ఫ్రిజ్ తలుపుకి అతుక్కుని ఆ రసీదును పట్టుకుని ఉన్నాయి. ఫ్రిజ్‌కి ఇంతవరకూ బీపీ రాలేదు.