హసింత పలకకపోతే

కవులు శవపేటిక మోయరు. ఇది డోన్ ఎలియోదోరో ఎప్పుడో తేల్చేసిన సంగతి. లియోన్ ఊళ్లో వీధికో కవి ఉన్నాడు. భార్య హసింత పోయిననాడు వాళ్లంతా వచ్చి, గోతి పక్కన నిలబడి తలా ఒక కవిత చదివారు. పెట్టె మోసింది అతనూ, రొట్టెల కొట్టువాడూ, ఇద్దరు తాగుబోతులూ.

ఆ తర్వాత చాన్నాళ్లకు, ఒక ఉదయం అతని పని ఒక్కటే: పేటకు కొత్త మోటారు రప్పించడం. పేట బావి మోటారు, నీళ్లు అడుగంటినా తిరిగి తిరిగి కాలిపోయింది. జనం ఎక్కడెక్కడినుంచో బకెట్లు మోస్తున్నారు. బావి ఎండగానే మోటారును ఆపే ప్రోగ్రాము అతనే రాశాడు. అది చూసి, బాగుంటేనే కొత్త మోటారు ఇస్తానన్న పురపాలక ఇంజనీరు, "దీన్ని చదవడం నా వల్ల కాదు" అని తిప్పి పంపాడు.

అచ్చాపీసులో పనిచేసే హసింత చెల్లెలి కూతురు సియొమారా ఆ కాగితం చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేంటి పెదనాన్నా, చీమల బారులా! మనుషులు చదవొద్దూ?"

"మనుషుల కోసం రాయలేదు."

"అందుకే మోటారు రాలేదు."

ప్రోగ్రాములకు సింగారం చేసే ప్రోగ్రాము ఒకటి ఆమె దగ్గర ఉంది. దాంతో, షరతులో షరతు వచ్చిన చోటల్లా పంక్తిని లోపలికి జరిపింది, ముఖ్యమైన మాటల్ని ముదురు చేసింది.

"ఇందులో మోటారుకి పెద్దమ్మ పేరెందుకు పెట్టావు?"

"మొదలెడితే ఆగేది కాదు గనక."

మామూలు కాగితం అయిపోవడంతో పెళ్లి శుభలేఖల కాగితం మీద అచ్చు తీసిచ్చింది.

పురపాలక కార్యాలయంలో గుమాస్తా దాన్ని చదవలేదు, ఆకారం చూశాడు. పొట్టి పొట్టి పంక్తులు, మెట్లు మెట్లుగా.

"కమిటీకేనా? ఇవాళే ఆఖరు."

"ఇంజనీరుకి."

"ఆయనా ఉన్నాడు కమిటీలో. ఇలా ఇవ్వండి."

మోటార్లకు కమిటీ వేశారు కాబోలనుకున్నాడు డోన్ ఎలియోదోరో. అది కవితల పోటీ కమిటీ.

శనివారం కమిటీ ముందు చదవాలని కబురొచ్చింది. వెళ్తే హాలు నిండా జనం. మోటారు కోసం ఇంతమందా అని అతనికే ముచ్చటేసింది. ఇంజనీరుకు అర్థం కావాలని, పంక్తి లోపలికి జరిగిన చోటల్లా ఆగి ఆగి చదివాడు.

"హసింత ఆగిపోతే
    ఎదురుచూడు
    మళ్లీ పిలువు
        పలకకపోతే
            ఎదురుచూడు
మొదటికి వెళ్లు."

ఆఖరి పంక్తి దగ్గర కాగితం దించాడు. తను రాసిందేమిటో అప్పుడే విన్నాడు. హాల్లో ముక్కులు చీదుతున్నారు.

"ఇది మోటారు గురించండీ," అన్నాడు.

"వినయం చూశారా!" అంది కమిటీ పెద్ద డోన్యా అమింత. "గుండెని మోటారంటున్నాడు!"

ఇంజనీరు కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "ఆ షరతులో షరతుందే, చంపేశావయ్యా!"

"మోటారిస్తావా?"

"ఇవ్వకపోతే నేను మనిషినా?"

మోటారు వచ్చింది. లారీ సందు మొదట్లోనే ఇరుక్కుపోయింది. కవిత బాగుందని అభినందించడానికి పూలు పట్టుకొచ్చిన కవులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పూలు గోడ మీద పెట్టి, మోటారును దుంగకు కట్టి భుజాలకెత్తుకున్నారు. ఇంజనీరు ముందు, డోన్యా అమింత వెనక.

"మెల్లగా! తలుపు తగులుతుంది!"

"నువ్వు వంగు, పొడుగువాడివి!"

బావి దాకా మోశారు. సాయంత్రానికి కుళాయిల్లో నీళ్లొచ్చాయి. డోన్ ఎలియోదోరో తన చేత్తో అందరికీ కోకో కలిపిన మొక్కజొన్న పానీయం పోశాడు. ఒక్కొక్కరి ముందూ నిలబడి, పేరు పెట్టి పిలిచి, "మీ మేలు మరవను" అన్నాడు. ఇంజనీరు ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు.

"ఆ కవిత ఇంకొక్కసారి చదవకూడదూ?" అంది డోన్యా అమింత.

"ఏ కవిత?"

కవులు మోటారు మోస్తారు. అంతవరకు ఒప్పుకున్నాడు. శవపేటిక సంగతి ఇక బతికుండగా ఎత్తనన్నాడు, ఎత్తలేదు.