మింజ అవ్వ కేకయు, టిక్కుమార్కు సంహారమును

చెవులలో గుబిలి యున్నచో తీసివేసి వచ్చి కూర్చుండుడు. ఇది చెవుల కథ. మహాసరోవర తీరమున, బండమీద బండ పేర్చిన కొండల నడుమ వెలసిన మా మ్వాంజా పురమున, కిరుంబా పేటయందు, మంగలి దుకాణము వెనుకగదిలో, నాలుగు గోడలకును కోడిగ్రుడ్ల అట్టలనే కవచముగా తొడిగిన స్టూడియో యను దుర్గమున, ఒకానొక శనివారము మధ్యాహ్నము రెండు గంటల వేళ, అఖిలధ్వనిధురంధరుడును, స్పీకరుద్వయమధ్యస్థుడును, చల్లారిన టీకప్పు మాత్రమే సహాయముగా గలవాడును అగు మబూల యను ముప్పదియేండ్ల వీరుడు మౌసును చేపట్టి సమరమునకు కూర్చుండెను.

సమరకారణము వినుడు. కొండమీది చర్చి గాయకబృందము వారము, అనగా మేము, ఆరు పాటలు పాడితిమి. మరునాడు ఆరాధన ముగియగానే ఊరందరి యెదుట పెద్ద స్పీకర్లలో వానిని వినిపింపవలెను. మబూల నెలదినములు గొంతులను తూచి, డోలును అదలించి, గిటారును బతిమాలి, ఆరు పాటలను సరిసమానముగా మిక్సు చేసెను. కంప్యూటరులో విన్నంతసేపును ఆరును ఒక్క తల్లి బిడ్డలవలె నుండెను. కాని ‘రెండర్’ అను మీట నొక్కి వానిని ఫైళ్లుగా వెలికి తీసిన తక్షణమే మూడు పాటలు గోడలయట్టలు ఊగునట్లు గర్జించెను. తక్కిన మూడును దుప్పటిలో ముఖము దాచుకొని గొణిగెను.

మరల తీసెను, మరల అంతే. హెడ్‌ఫోనులు మార్చెను. వైరును నిందించెను. కరెంటును శపించెను. క్షౌరయంత్రమువలన విద్యుత్తు తడబడుచున్నదేమో యని మంగలివానిని వేడుకొనగా, ఆ ఉదారుడు ఒక పెద్దమనిషిని సగము తలతో కుర్చీలో కూర్చుండబెట్టి అరగంటసేపు యంత్రము నాపెను. ఫలితము సున్న. పైగా మరియొక వింత పుట్టెను: గొణుగు పాటలో నడిమి చరణమొక్కటే వేరుగా రెండరు చేసినచో గర్జించెను; పాటంతయు రెండరు చేసినచో అదే చరణము మరల గొణిగెను. మబూల తలపట్టుకొనెను.

అట్టి తరుణమున బృందాధ్యక్షుడును, సెలవుదినములందు సైతము టై విప్పనివాడును, రేవులో ముప్పదేండ్లు టికెట్లు తనిఖీ చేసి తప్పులు పట్టుటయే ప్రాణముగా గలవాడును అగు ఎలియాకీము ప్రవేశించెను. ఆరు పాటలును విని, వ్రేళ్లు మడిచి, మరల విని, మరల మడిచి, బృందగౌరవము మంటగలియుటకంటె తాను సరస్సులో దిగుటయే మేలని నిలువుననే ప్రసంగించి, చివరకు అసలు సంగతికి దిగెను.

“తమ్ముడూ, దొంగ దొరికింది. గొణిగే మూడు పాటల్లోనూ మింజ అవ్వ కేక ఉంది. మిగతా మూడింట్లో లేదు. అవ్వ ఎక్కడ అరిచిందో అక్కడ పాట చచ్చింది. తీసెయ్.”

మింజ అవ్వ ఎవరో చెప్పవలెను. డెబ్బది రెండేండ్ల ఈ మహాతల్లికి స్వరము నిలువదు, పాటలోని మాటలు గుర్తుండవు. రెండవ వరుస చివర నిలుచుండి, పాట పతాకస్థాయి నందుకొన్నప్పుడు నాలుక నల్లలాడించుచు సంతోషపు కేక వేయుటయే ఆమె పని. దానిని మేము విగెలెగెలె అందుము. ఆమె వేసినచో చేపలబజారులో బేరములు ఆగును. ఆ కేక లేకుండ మా పేటలో పెండ్లి జరుగలేదు, బిడ్డకు పేరు పెట్టలేదు.

“అవ్వకి అదొక్కటే కదా అన్నా ఉంది,” అనెను మబూల.

“రేపు జనం ముందు సగం పాటలు వినపడకపోతే నువ్వు చెప్తావా సమాధానం? అవ్వకి నేను నచ్చజెప్తాలే.”

నచ్చజెప్పవలసిన పని లేకపోయెను. వేయించిన చేపల పొట్లము చేతబట్టుకొని అవ్వ గుమ్మములోనే నిలుచుండెను. అంతయు వినెను.

“తీసేస్తే తీసెయ్ నాయనా. ముసలి గొంతు, ఏం రోగముందో ఏమో. ఈ చేపలు మాత్రం చల్లారకముందే తిను.”

అట్లని ఆమె గోడవైపు తిరిగి కోడిగ్రుడ్ల అట్టలను లెక్కించుచున్నట్లు నటించెను. అధ్యక్షుని వెంట వచ్చి తలుపుప్రక్క నిలిచిన నేను ఆమె చేతి పొట్లము నందుకొంటిని. రేవులో ఎందరినో ఓడ దింపిన అధ్యక్షుడు సైతము టై సవరించుకొనెను.

మబూల ఒక పాటలో ఆ కేకను కత్తిరించి రెండరు చేసెను. పాట గర్జించెను. అధ్యక్షుడు చేతులు చాపి, ఇక చెప్పవలసినదేమున్నదన్నట్లు చూచెను. ఓటమి సంపూర్ణమని తోచినది. అయినను మబూల మనసు ఒప్పుకొనలేదు. పాట చివర ఎవరో అరచినంత మాత్రమున మొదటి చరణము ముందుగానే ఎట్లు జడిసికొనును? అట్లు యోచించి, ఆ శబ్దశాస్త్రపారంగతుడు, పాటకు ముందు అధ్యక్షుడు గంభీరముగా పలికిన ‘ఆమెన్’ను కోసి తెచ్చి, అవ్వ కేక యెంత యెత్తున నుండెనో అంత యెత్తునకు లేపి, అదే చోట అతికించి, మీట నొక్కెను. పాట మరల గొణిగెను.

“అన్నా, ఇప్పుడు పాటని చంపింది మీ ఆమెన్.”

నవ్వు నాపుకొనుటకు నేను పడిన పాట్లు వేరు కథ. రోగము అవ్వ గొంతులో లేదు. ఎవడు అందరికంటె ఎత్తున అరచునో వాని యెత్తును కొలుచువాడెవడో రెండరు ద్వారమున పొంచియున్నాడు. మబూల తెరమీది రెండరు కిటికీని తెరచి, మనుష్యమాత్రుడెవ్వడును దిగని అడుగుభాగమునకు దిగిచూడగా, ‘నార్మలైజ్’ అను పదము ప్రక్క నువ్వుగింజంత టిక్కుమార్కు కాలుమీద కాలు వేసికొని కూర్చుండెను.

ఆ దుర్మార్గుని పని యేమనగా, పాటలో అన్నింటికంటె ఎత్తైన శబ్దమును పట్టి పైకప్పుదాక లేపుట, తక్కినవానిని దానితోపాటు అంతే లేపుట. అవ్వ కేక ముందే పైకప్పునకు జానెడు దూరములో నుండెను గనుక ఆమె యున్న పాటలను లేపుటకు చోటు లేకపోయెను. ఆమె లేని పాటలును, ఒంటిగా తీసిన ఆ నడిమి చరణమును గంతులువేసి ఎగిరెను. గొణుగుచున్నవే సత్యవంతములు, గర్జించినవే కల్తీవి! ఇక ఆ గుర్తును పెట్టినదెవరు? పోయిన నెలలో ఒక పెండ్లివ్యాఖ్యాత నీరసపు గొంతును లేపుటకై సాక్షాత్తు మన మబూలయే పెట్టి, తీయుట మరచెను. వీరులకు మరపు సహజము.

అంతట ఆ మహాబాహువు చూపుడువ్రేలిని ధనుర్జ్యావల్లరివలె బిగించి, ఊపిరి బిగబట్టి, బాణపుగుర్తును శత్రువు శిరమున నిలిపి, ఒక్క నొక్కు నొక్కెను. టిక్కుమార్కు ఆనవాలు లేకుండ పోయెను. అవ్వ కేకను యథాస్థానమున నిలిపి తీసిన ఆరు పాటలును ఒక్క ఎత్తున వచ్చెను. ఎలియాకీము మిక్కిలి వినయముగా, తన ఆమెన్‌ను కూడ అంత యెత్తుననే ఉంచరాదా యని అడిగెను.

మబూల తన కుర్చీని అవ్వకిచ్చి, రెండు స్పీకర్ల నడుమ కూర్చుండబెట్టి, పాట వినిపించెను. కేక వచ్చినప్పుడు ఆమె పెదవులు తమంతట తామే కదలెను. పాట ముగిసిన పిదప కొంగుతో ముక్కు తుడుచుకొని అనెను:

“బాగానే ఉంది నాయనా. నాది కాస్త పెంచు.”

మబూల పెంచెను. ఓ మ్వాంజా పురవాసులారా, సరస్సునందలి సమస్త మత్స్యములారా, వినుడు! మా బృందము సాధించిన దిగ్విజయమిది: మింజ అవ్వ కేక వెంట్రుకవాసి పెరిగెను, తక్కినవారము ఒక్కరమును తగ్గలేదు.