ప్రభుత్వానికి దొరికిన కోడి

నా భార్య స్వర్ణ చనిపోయిన రోజునే ప్రభుత్వం కోళ్ళ విషయంలో ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను ఎక్కడా అనలేదు. మరునాటి పేపర్లో మంత్రిగారి ప్రకటన మొదటి పేజీలో వచ్చింది. స్వర్ణ సంగతి ఏ పేజీలోనూ రాలేదు. అది సబబే. ఆమె ఏ ప్రకటనా చేయకుండా వెళ్ళిపోయింది.

“ఇంటికో గూడు, గూటికో పెట్ట, పూటకో గుడ్డు!” అన్నారు మంత్రిగారు. పథకం పేరు గూడు మిషన్. గ్రామీణ మహిళ పెరట్లో ఇనుప గూడు నిలబెడితే అందులోంచి మొదట గుడ్డు, తర్వాత ఆత్మగౌరవం, ఆ తర్వాత రాష్ట్రాభివృద్ధి వరుసగా బయటికి వస్తాయని ఆయన వివరించారు.

చావింట్లో పొయ్యి వెలిగించరు కనుక పక్కింటి ఈదమ్మ జొన్నరొట్టెలు తెచ్చింది. నేను ఆమెకు పేపరు చదివి వినిపించాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

“పూటకో గుడ్డా?” అంది ఈదమ్మ. “గట్ల పెడితే గుడ్ల ముచ్చటేమో గని, కోడి సస్తది సారూ.”

“అది టార్గెట్ అవ్వా. అంత పెట్టాలనేం లేదు.”

నేను ప్రభుత్వ బడిలో తెలుగు, అవసరమైతే సైన్సు కూడా చెబుతాను. టార్గెట్‌ను చూసి ఎవరూ భయపడనక్కర్లేదని నాకు బాగా తెలుసు.

ఇంట్లో కోళ్ళు స్వర్ణవి. తెల్లవారగానే గూటి తలుపు తీయడం, నూకలు చల్లడం, పొద్దుగూకితే అన్నీ వచ్చాయో లేదో చూసి మూయడం ఆమె పని. గుడ్డు తినడం నా పని. పోయే ముందురోజు, ఎర్రపెట్ట పొదుగు మీదికి వచ్చిందని కట్టెల కొట్టం మూలన ఒక గంపలో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచి, గుడ్లు పెట్టి దాన్ని కూర్చోబెట్టింది. వేరే కోడి వచ్చి కొత్త గుడ్డు కలిపితే తెలియాలని ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో ఒక గీత గీసింది. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప మేకు కూడా ఒకటి పెట్టింది. ఉరుముకూ మేకుకూ సంబంధం లేదని నేను చెప్పాను.

“నీ సైన్సు బడిల చెప్పుకో. పిల్లలు లేచేదాక గీ కొట్టంలకు ఎవ్వల్ని రానియ్యకు. కోడి లేస్తే గుడ్లు సల్లవడ్తయి,” అంది.

ఆమె నాకు అప్పజెప్పిన చివరి పని అది. మరునాడు నల్లగొండ దవాఖానకు పోయే దారిలోనే ఆమె గుండె ఆగిపోయింది.

తర్వాతి రోజుల్లో నన్ను పరామర్శించడానికి వచ్చినవాళ్ళంతా నేను కొట్టం గడపలో కూర్చుని ఉండటం చూసి, సారు దుఃఖంతో మూల పట్టాడన్నారు. నేను కాపలా ఉన్నాను. కానీ ఆ మాట చెప్పలేదు. దుఃఖానికున్న మర్యాద కాపలాకు ఉండదు.

పరశురాములు వచ్చింది అప్పుడే. ఆయన మా ఊరి కార్యకర్త. ఏ పార్టీ అని అడగడం మర్యాద కాదు. ఆయనే ఒక్కోసారి కండువా చూసుకుని చెప్పాల్సి వస్తుంది. అంతటి నిగర్వి.

“సార్, అక్క పోయినందుకు మస్తు బాధగున్నది. గని జర ఖుషీ అయ్యే ముచ్చట గుడ ఉన్నది,” అన్నాడు. “పోయినేడు అక్క మహిళా సంఘంల గూటికి దరఖాస్తు పెట్టింది గద? గదే ఇప్పుడు కొత్త పథకంల కలిపి సాంక్షన్ చేసిండ్రు. మండలంల ఫస్ట్ లబ్ధిదారు మన అక్కనే!”

“ఆమె లేదు కదా పరశురాములూ.”

“గది మనకెరుక సార్. కంప్యూటర్‌కెట్ల ఎరుకైతది?”

ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు ప్రణాళిక చెప్పాడు. “అక్క దశదినకర్మకు ఎమ్మెల్యే సారు ఎట్లనన్న వస్తడు. గా రోజే గూడు ఓపెనింగ్ పెట్టుకుందాం. ఒక్కటే టెంటు, ఒక్కటే మైకు, ఒక్కటే భోజనం. పరామర్శకు పరామర్శ, ప్రారంభానికి ప్రారంభం.”

నేను ఆలోచించాను. స్వర్ణకు వృథా ఖర్చు గిట్టదు. ఒక అన్నం మెతుకు పారేసినా కోళ్ళను పిలిచేది. అందుకని సరే అన్నాను. ఆమె పక్షాన నిర్ణయాలు తీసుకోవడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి ఫోన్‌కు ఫ్లెక్సీ నమూనా పంపాడు. “తప్పులుంటే దిద్దుండ్రి సార్. మీరు తెలుగు సారు గద!” నేను కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివాను. ‘స్వర్గస్తులై’ అని ఉంటే ‘స్వర్గస్థులై’ అని దిద్దాను. ‘హార్ధిక’ అని ఉంటే ‘హార్దిక’ అని దిద్దాను. తిప్పి పంపాను. తృప్తిగా కూడా అనిపించింది. అది టెంటుకు కట్టిన తర్వాతే వాక్యం మొత్తం చదివాను: ‘స్వర్గస్థులై, గూడు పొందిన శ్రీమతి స్వర్ణ గారికి హార్దిక శుభాకాంక్షలు.’

అక్షరదోషం ఒక్కటి కూడా లేదు.

ఫ్లెక్సీలో ఎమ్మెల్యేగారు నిలువెత్తున ఉన్నారు. పరశురాములు నడుము దాకా ఉన్నాడు. స్వర్ణ గుండ్రంగా, పళ్ళెమంత ఉంది. ఆమె పక్కన అంతే గుండ్రంగా ఒక తెల్లకోడి ఉంది. అది మా ఇంటిది కాదు.

దశదినకర్మ రోజు పొద్దున్నే ట్రాలీలో గూడు దిగింది. చుట్టూ ఇనుప జాలీ, నాలుగు కాళ్ళు, ముందు తలుపు, తలుపుకు తాళం. కోళ్ళు మాత్రం దిగలేదు. గూడు మిషన్ ఫీల్డ్ ఆఫీసరు శివకుమార్ అనే కుర్రవాడు ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“కోళ్ళ బండి మహబూబ్‌నగర్ దిక్కు ఇంకో ఓపెనింగ్‌ల ఉన్నదంట. అక్కడ ఫోటోలైనంక ఇక్కడికి పంపుతరంట.”

“గప్పటిదాక ఎమ్మెల్యే సారు ఖాళీ గూటితోని ఫోటో దిగాల్నా?” అన్నాడు పరశురాములు. “ఊర్లె కోళ్ళు లేవా? ఒక్కటన్న పట్కరాండ్రి!”

సరిగ్గా అప్పుడే ఎమ్మెల్యేగారి కాన్వాయ్ ఊళ్ళోకి వచ్చింది. స్వాగతంగా లడీ పటాకులు కాల్చారు. చావింటి ముందు పటాకులా అని ఎవరైనా అంటారేమోనని, గూటి వైపు కాల్చారు. ఊళ్ళో కోళ్ళన్నీ ఒకేసారి తమ అభిప్రాయం వెల్లడించి వేపచెట్లూ గోడలూ రేకులూ ఎక్కాయి. స్వర్ణ కోళ్ళు కూడా పార్టీలకతీతంగా వాటితో కలిసి వెళ్ళాయి.

నన్ను స్టేజీ మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు. “సారు నాలుగు మాటలు మాట్లాడతారు,” అని ప్రకటించారు. నేను మొదలుపెట్టాను.

“ఈ బాధాకరమైన సందర్భంలో, మా కుటుంబాన్ని ఓదార్చడానికి తీరిక చేసుకుని విచ్చేసిన...”

అప్పుడు చూశాను. పరశురాములు కట్టెల కొట్టంలోకి వంగి వెళ్ళి, ఎర్రపెట్టను రెండు రెక్కలూ కలిపి పట్టుకుని బయటికి వస్తున్నాడు. పటాకులు పేలినా, ఊరు ఊరంతా అరిచినా, ఆ గంప వదిలి కదలని కోడి అదొక్కటే. అందుకే ఆ రోజు ప్రభుత్వానికి దొరికిన కోడి కూడా అదొక్కటే.

మైకు నా చేతిలోనే ఉంది. పక్క ఊరికి కూడా వినిపించే మైకు. ‘కోడిని దించు’ అంటే చాలు. కానీ నేను ఒక వాక్యం మధ్యలో ఉన్నాను. మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో వదలకూడదని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పినవాణ్ణి.

“...విచ్చేసిన ఎమ్మెల్యేగారికి, ఇతర పెద్దలకు, ఈ పథకాన్ని ప్రవేశపెట్టిన ప్రభుత్వానికి, నా తరఫున, నా దివంగత భార్య తరఫున, హృదయపూర్వక కృతజ్ఞతలు.”

వాక్యం చక్కగా ముగిసింది. అప్పటికి కోడి గూట్లో ఉంది. చప్పట్లు కొట్టారు.

ఎమ్మెల్యేగారిది తీరిక లేని రోజు. అప్పటికే రెండు పెళ్ళిళ్ళు, ఒక బోరు, ఒక చావు చూసి వచ్చారు. ఒక చేతికి పూలు, ఒక చేతికి కత్తెర ఇచ్చారు. ఆయన వేగంగా వెళ్ళి గూటి ముందు పూలు చల్లి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆయనతో పాటు అందరూ మౌనం పాటించారు. కోడి పాటించలేదు. తర్వాత స్వర్ణ ఫోటో దగ్గరికి వెళ్ళి, దండ మధ్యలో కత్తెర పెట్టబోతే, పరశురాములు చేయి పట్టుకుని గూటి దగ్గరికి తిప్పాడు. రిబ్బన్ తెగింది. ఎమ్మెల్యేగారు నన్ను దగ్గరికి తీసుకుని, “కంగ్రాట్స్ సార్,” అన్నారు. నేను “థాంక్యూ సార్” అన్నాను.

మైకులో ఆయన గొంతు గద్గదమైంది. “స్వర్ణమ్మ ఆశయాలను నేను కొనసాగిస్తనని గీ సభాముఖంగ మాటిస్తున్న!”

స్వర్ణ ఆశయం కొట్టంలో, గంపలో, చల్లారుతోంది.

గూటికి తాళం ఆయనే స్వయంగా వేశారు. ఫోటో కోసం తాళంచెవి పైకెత్తి చూపి, శివకుమార్ చేతిలో పెట్టారు. నేను జనాన్ని తోసుకుని అతని దగ్గరికి వెళ్ళాను.

“బాబూ, అది పొదుగు మీదున్న కోడి. ఒక్కసారి తలుపు తీస్తే గంపలో పెట్టేస్తాను.”

“తీస్తం సార్. రెండు నిమిషాల పని. హ్యాండోవర్ కాంగనే చెవి మీకే ఇస్త,” అన్నాడు. మంచి కుర్రవాడు. “యాప్‌ల లబ్ధిదారు మొఖం చూపియ్యాలె. మేడమ్‌ను జర పిలువుండ్రి.”

నేను ఫ్లెక్సీ వైపు చూశాను. అతనూ చూశాడు. పాపం, అప్పుడే చదివినట్టున్నాడు.

“ఫికర్ చెయ్యకు తమ్మీ!” అని పరశురాములు అతని ఫోన్ అందుకుని, కుర్చీ ఎక్కి, ఫ్లెక్సీలో స్వర్ణ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. తెర మీద పచ్చ చతురస్రం వచ్చింది. ఆధార్ ఫోటోతో సరిపోయింది. ఫోన్ లోంచి ఒక ఆడగొంతు మర్యాదగా పలికింది:

“దయచేసి కళ్ళు ఆర్పండి.”

అందరూ ఫ్లెక్సీ వైపు చూశారు.

“దయచేసి ఒక్కసారి కళ్ళు ఆర్పండి.”

నేను కూడా చూశాను. నిజం చెప్పాలంటే, చాలా శ్రద్ధగా చూశాను.

“సమయం ముగిసింది. లబ్ధిదారు సహకరించడం లేదు.”

“ఇట్లైతే చెవి ఇయ్యరాదు సార్,” అన్నాడు శివకుమార్, నిజంగానే బాధపడుతూ. “గూడూ, అండ్ల కోడీ రెండూ ఆన్‌లైన్‌ల ఎక్కినయి.”

“కోడి మాది కదయ్యా.”

“గూట్ల ఉన్నంక మిషన్‌దే అయితది సార్. ఇంట్ల ఇంకో లేడీస్ ఎవరన్న ఉన్నరా? వాళ్ళ పేరు మీదికి మారుస్త.”

“మా ఇంట్లో ఇక ఆడదంటే అదొక్కటే,” అన్నాను గూట్లోకి చూపించి.

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. “కోడికి ఆధార్ ఉండది కద సార్.”

ఎమ్మెల్యేగారికి ఇంకో ఊళ్ళో ఇంకో దశదినకర్మ ఉంది. కాన్వాయ్ కదిలింది. తాళంచెవి జేబులో పెట్టుకుని శివకుమార్ కూడా చివరి బండి ఎక్కాడు. “రేపు పై ఆఫీసర్లను అడిగి చెప్త సార్!” అని కిటికీలోంచి చేయి ఊపాడు. నేనూ ఊపాను.

గూటి దగ్గర నేనూ ఈదమ్మా మిగిలాం. ఎర్రపెట్ట కొర్రుకొర్రుమంటూ ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతోంది. ఈదమ్మ కొట్టంలోకి పోయి ఒక గుడ్డు తెచ్చి చెంపకు ఆనించి చూసింది. బొగ్గు గీత ఆమె చెంపకు కొంచెం అంటింది.

“ఇంక ఎచ్చగనే ఉన్నయి సారూ. జల్ది చెయ్యాలె.”

“మీ కోడి కింద పెడితేనో అవ్వా?”

“నా కోళ్ళల్ల ఒక్కటి గుడ పొదుగు మీద లేదు. ఉన్నయేమో చెట్ల మీద ఉన్నయి.”

గుడ్డును జాలీలోంచి లోపలికి జారవిడవాలని చూశాను. కన్నం చిన్నది. గుడ్డు బయటికి పోకుండా డిజైన్ చేశారు. లోపలికి పోవడం గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

గుడ్డును ఈదమ్మకు తిరిగి ఇచ్చేసరికి జేబులో ఫోన్ మోగింది. ఊరి వాట్సాప్ గ్రూపులో పరశురాములు ఫోటోతో వార్త పెట్టాడు. ‘మండలంలో తొలి గూడు అందుకున్న శ్రీమతి స్వర్ణ గారు మాట్లాడుతూ, ఈ గూటితో తన జీవితంలో కొత్త వెలుగు వచ్చిందని, ప్రభుత్వానికి ఎప్పటికీ రుణపడి ఉంటానని ఆనందం వ్యక్తం చేశారు.’ కింద వరుసగా చప్పట్ల బొమ్మలు. ఎవరో ‘ఓం శాంతి’ అని పెట్టి, వెంటనే తీసేశారు. ఈదమ్మ అడిగితే చదివి వినిపించాను.

“స్వర్ణ గట్ల అన్నదా?”

“అన్నదట.”

ఈదమ్మ గోడ పక్క నుంచి ఒక రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“గా తాళమెంత? ఒక్క దెబ్బ.”

“ప్రభుత్వ ఆస్తి అవ్వా. నేను ప్రభుత్వ జీతగాణ్ణి.”

“నేను కొడ్తే గా పరశిగాడు నా పింఛన్ బంద్ చేయిస్తడు. నువ్వు సారువి, నిన్నేమంటరు? గూడు సర్కారుది అంటున్నవు సరే. గుడ్లెవ్వరియి?”

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. బళ్ళో పిల్లవాడైతే చేయి పైకెత్తేవాడు.

తలుపు దగ్గరికి జరిగాను. తాళం చిన్నదే. పెట్ట తిరగడం ఆపి, జాలీకి రొమ్ము ఆనించి, కొట్టం వైపు మెడ చాచి నిలబడింది. ఈదమ్మ గుడ్డును కొంగులో చుట్టి, రెండు చేతుల మధ్య పట్టుకుంది.

“సల్లవడ్తున్నది సారూ,” అంది.

రాయి నా చేతిలోనే ఉంది. దెబ్బ ఇంకా వేయలేదు.