పున్నారావు గారి వేగం

ఆ పొద్దున నూజివీడు మీద మబ్బు పట్టింది. కురవాలా మానాలా అని సబ్‌కమిటీ వేసుకుని, నివేదిక కోసం ఎదురుచూస్తున్నట్టుంది ఆకాశం. దాని కింద, తన షెడ్డు ముందు నిలబడి బసవపున్నారావు ప్రకటించాడు:

"వేగం లేనివాడు మామిడి వ్యాపారానికి పనికిరాడు! నా స్పోర్ట్స్ కారు బ్రేకు ప్యాడ్లు ఏడాదికే అరిగిపోయాయంటే చూసుకోండి నా స్పీడు! ఇవాళ నా చేత్తో నేనే మారుస్తున్నా!"

మామిడి వర్తకుల సంఘం ఎన్నికలు ఆదివారమే. ప్రత్యర్థి సత్యనారాయణమూర్తి మార్కెట్టంతా తిరిగి, "ఆ కారు షెడ్డు దాటితే ఒట్టు! చక్రం ఊడదీసి ప్యాడ్లు చూపించమనండి, తెలుస్తుంది. అబద్ధాలరాయుడు మనకి అధ్యక్షుడేంటండీ?" అంటున్నాడు. అందుకని పున్నారావు ఆయన్నే సాక్షిగా పిలిచాడు, భోజనంతో సహా.

మూర్తి అన్నది అక్షరాలా నిజం. ఆ కారు నడపాలంటే పున్నారావుకి భయం. పొద్దున్నే మార్కెట్‌కి స్కూటరు మీదే వెళ్లేవాడు. "అక్కడి దుమ్ముకి కారు పెయింటు పాడైపోదూ?" అనేవాడు. సాయంత్రాలు మాత్రం షెడ్డు తలుపేసుకుని, తాళం తిప్పకుండా, స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకునేవి. సీటు వెనక్కి జరిపేవాడు. మర్నాటికి అది మళ్లీ ముందుకొచ్చేది. "ఇంత డబ్బు పోసినా సీటు నిలవదే!" అని కంపెనీని తిట్టుకునేవాడు. పొద్దున ఆయన మార్కెట్‌కి వెళ్లగానే భార్య ప్రమీలారాణి, ఆగిరిపల్లిలో తమ తోటకి బస్సులో వెళ్లొస్తానని చెప్పి, ఇట్టే తిరిగొచ్చేది. "బస్సులు ఈ మధ్య బాగుపడ్డాయి!" అని మెచ్చుకునేవాడు.

కారుకున్నవి కొత్త ప్యాడ్లే కదా! అందుకే పాల్ రాజు మెకానిక్ షెడ్డులో, తుక్కులోంచి అరిగినవి రెండు ఏరి తెచ్చి లుంగీ మడతలో దోపుకున్నాడు. కారులోవాటి బదులు, ఎవరూ చూడకుండా వీటిని బయటికి తీసి చూపించేస్తే సరి.

జాకీ ఎత్తాడు. చక్రం ఊడింది. వీడియోల్లో చూసినట్టే బోల్టు విప్పి, ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ పైకి లేపాడు.

"కాస్త జరగండి మూర్తి గారూ, వెలుతురు!"

"జరగనండీ. చూడ్డానికే కదా వచ్చింది!"

పున్నారావు చెయ్యి లుంగీ మడతలోకి పోయేలోపే మూర్తి వంగి పాత ప్యాడు లాగేశాడు.

"అమ్మ బాబోయ్! రేకు తేలిపోయిందండీ! ఇది మనిషి నడిపిన బండేనా?"

పున్నారావు చూశాడు. దీని ముందు లుంగీలోది కొత్తదే! తన కాలు ఒక్కసారైనా ఆనని బ్రేకు. మరి ఎవరి కాలు?

"క్షమించండి. నా ఓటు కూడా మీకే," అని మూర్తి చేతులు జోడించాడు. "ఇంతకీ ఎక్కడికండీ అంత స్పీడుగా?"

పున్నారావు నోరు తెరిచాడు. మాట మాత్రం గుమ్మంలోంచి వచ్చింది.

"ఆగిరిపల్లికండీ అన్నయ్య గారూ," అంది ప్రమీలారాణి, చేతిలో గరిటెతో. "మార్కెట్‌కి రాకముందే తోట చూసొచ్చేస్తారు. ఆ మలుపుల్లో బ్రేకు తొక్కీ తొక్కీ అరిగుంటాయి. చేతులు కడుక్కోండి, వడ్డిస్తాను."

ఆవిడ పున్నారావు భుజం దాకే వస్తుంది. సీటు ఎందుకు ముందుకు జరిగేదో, బస్సులు ఎలా బాగుపడ్డాయో ఆయనకి ఒక్కసారే తెలిసొచ్చింది. అడుగుదామంటే మూర్తి ఉన్నాడు. మూర్తి వెళ్లాక అడుగుదామంటే, తను నడపలేదని ఒప్పుకోవాలి. అడగడం మానేసి కొత్త ప్యాడ్లు బిగించాడు, బోల్టు ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ.

"నువ్వూ కూర్చో ప్రమీలా," అన్నాడు భోజనాల దగ్గర, పెళ్లయ్యాక మొదటిసారి.

మామిడికాయ పప్పు కలుపుకుంటూ, గిన్నెతో చెబుతున్నట్టు అన్నాడు: "కొత్త ప్యాడ్లు మొదట్లో సరిగ్గా పట్టవు. మలుపుల దగ్గర కాస్త ముందే తొక్కాలి."

"అలాగేనండీ," అంది ప్రమీలారాణి, ఆయన అన్నంలో నెయ్యి వేస్తూ.

ఆ తర్వాత ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.