ఎర్రదారం ప్రయోగం

ఆ ఉదయం కోడలు లాండ్రీలో అడుగుపెట్టిన తీరు చూస్తే, దుప్పట్ల గొడవ ఆ రోజుతో తీరిపోతుందని ఎవరైనా నమ్ముతారు. ఆమె కూడా నమ్మింది, అదే వచ్చిన చిక్కు. ఆస్పత్రి దుప్పట్లూ తెల్లవే, హోటల్ దుప్పట్లూ తెల్లవే. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు తారుమారయ్యాయి. మూడోసారి జరిగితే మేనేజరు కుర్చీ మళ్లీ తనదేనని లాండ్రీ యజమానురాలైన అత్తగారు ఖరాఖండిగా చెప్పేశారు.

కోడలు ముగ్గురు పనివాళ్లనీ కూర్చోబెట్టింది. లోపం మనుషుల్లో లేదు, పద్ధతిలో ఉంది, దాన్ని పనిచేసేవాళ్లే బాగుచెయ్యాలి అని చెప్పింది. "ఎవరికి తోచిన ప్రయోగం వాళ్లు చేసెయ్యండి. నాలుగింటికి కూర్చుని ఏది బాగుందో చూద్దాం" అంది. నాలుగున్నరకి వ్యాన్ వస్తుంది.

ముగ్గురూ మనసుపెట్టి చేశారు. ఉతికే పెద్దాయన హోటల్ దుప్పట్ల మూలకి ఎర్రదారం కుట్టి, ఆ ధీమాతో రెండు రకాలూ ఒకే మిషన్లో పడేశాడు. దారం సంగతి కట్టలు కట్టే మీసాలాయనకి మాత్రం చెప్పాడు; దారం చూసి కట్టలు వేరుచెయ్యడమే ఆయన ప్రయోగమైంది. మధ్యలో ఉన్న ఇస్త్రీ అక్క ప్రయోగం వేరు. ఇస్త్రీకి ముందు ప్రతి దుప్పటినీ తనిఖీ చెయ్యడం. ఎర్రదారం రంగు దిగుతుందేమోనని ఒక్కటీ వదలకుండా తెంపేసింది. దారం లేనివన్నీ మీసాలాయన ఆస్పత్రి కట్టల్లో కట్టేశాడు. ఊళ్లో ఇంతమందికి జబ్బు చేసిందా అని కాస్త బాధపడ్డాడు కూడా.

నాలుగింటికి హోటల్ కట్టలేవని కోడలు అడిగింది. పెద్దాయన దారం మాట ఎత్తాడు. ఇస్త్రీ అక్క తన బల్ల కింది డబ్బా మూత తీసి చూపించింది. నిండా ఎర్రదారాలు. సరిగ్గా అప్పుడే అత్తగారు లోపలికి వచ్చారు.

"తప్పు నాదే అత్తయ్యా. ఎవరికి వాళ్లు చెయ్యమన్నాను, ఒకరిది ఒకరికి చెప్పమనలేదు" అంది కోడలు. తర్వాత పనివాళ్ల వైపు తిరిగి, ఇప్పుడు వీటిని ఎలా విడదీద్దామని అడిగింది. వాళ్లని ఆమె అలా అడగడం అదే మొదలు.

"అంచు చూస్తే సరిపోదా అమ్మా?" అంది ఇస్త్రీ అక్క. "హోటల్ది రెండు వేళ్ల వెడల్పు, ఆస్పత్రిది ఒక వేలు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అందరికీ తెలుసనుకున్నాను."

అత్తగారితో సహా ఐదుగురూ కింద కూర్చుని అంచులు కొలిచారు. వ్యాన్ హారన్ కొట్టేసరికి చివరి కట్టకి ముడి పడింది. కోడలు కుర్చీ వైపు చూడకుండా నిలబడింది.

"కుర్చీ నీదేలే" అన్నారు అత్తగారు. "రేపు పొద్దున మీరంతా కూర్చునేటప్పుడు నాకూ ఒక స్టూలు వెయ్యి."

మర్నాడు స్టూలు వచ్చింది. దానికి ఎవరూ ఏ దారమూ కట్టలేదు, అయినా అది ఎవరిదో తెలియనివాళ్లు ఆ లాండ్రీలో లేరు.