పంకా పొయ్యి ఉపయోగాలు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు సోదర సంఘం వారు ఒక ఆదివారం ఉదయం సమావేశమై, ఇకమీదట వంట అనేది శాస్త్రమని ఏకగ్రీవంగా తీర్మానించారు. అంతవరకు అదేమిటో తీర్మానంలో రాయలేదు. ప్రతిపాదించినవారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు శ్రీ నూకరాజుగారు. బలపరిచినవారు సంఘ కార్యదర్శి, హెడ్ క్లర్కు శ్రీ ఈశ్వరరావుగారు. ఇద్దరికీ పొయ్యితో చెప్పుకోదగ్గ పరిచయం లేదు. నూకరాజుగారికి మాత్రం చుట్ట ముట్టించుకునే సందర్భాల్లో కొంత ఉంది.

అది సోదర సంఘం కనక స్త్రీలకు అందులో సభ్యత్వం లేదు. వాళ్ళకి సభ్యత్వం ఎందుకు? ఇంటింటికీ ఒక సభ్యుడున్నాడు. కాబట్టి నూకరాజు భార్య చిలకమ్మకి తను ఇన్నేళ్ళుగా చేస్తున్నది శాస్త్రమన్న సంగతి, మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చి, పులుసులో ఉప్పు తక్కువైందని చెబుతూ మాటల్లో చెప్పేదాకా తెలియలేదు.

దీనంతటికీ కారణం రిచర్డ్. మెయిలు బండి గార్డు, ఆంగ్లో ఇండియన్ రిచర్డ్ పెన్షను పుచ్చుకుని, కుటుంబంతో ఆస్ట్రేలియా ఓడ ఎక్కుతూ, పియానోని చర్చికి, కుక్కని పాలవాడికి ఇచ్చేశాడు. ఆయన భార్యని వీధిలో ఆడవాళ్ళంతా రిచర్డమ్మ అనేవారు. ఆమెకి టైఫాయిడ్ వచ్చినప్పుడు చిలకమ్మ నెల్లాళ్ళు జావ కాచి పంపింది. రిచర్డమ్మ అది మరిచిపోలేదు. అన్నగారు విదేశం నుంచి పంపిన కరెంటు పొయ్యిని రిక్షా ఎక్కించి తనే తీసుకొచ్చి, చిలకమ్మ రెండు చేతులూ పట్టుకుని, "చిల్కా, ఏ తుమ్ లేలో. ఆంఖ్ బచేగా" అంది. ఇది నువ్వు తీసుకో, కళ్ళు మిగుల్తాయి అని.

మిగలవలసిన కళ్ళే. అప్పటిదాకా చిలకమ్మది బొగ్గుల పొయ్యి. వర్క్‌షాపు కూత వెయ్యక ముందే లేచి, పిడకలు పేర్చి, పైన బొగ్గు పోసి, కిరసనాయిలు చిలకరించి అంటించి, నిప్పు రాజుకునేదాకా పెరట్లో కూర్చుని విసనకర్రతో విసరాలి. ఆ లెక్కన వాళ్ళింట్లో పంకా పొయ్యి మొదట్నుంచీ ఉన్నట్టే. పంకా చిలకమ్మ.

కొత్త పొయ్యి తెల్లటి ఇనప పెట్టె. ముందు గాజు తలుపు, లోపల రెండు పళ్ళేలు, వెనక గోడలో అరచెయ్యంత పంకా. మీట నొక్కితే తీగలు ఎర్రబడతాయి, పంకా తిరిగి వేడిగాలిని పెట్టె అంతా తిప్పుతుంది. అత్తగారు పోలమ్మ చుట్టూ తిరిగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఓలమ్మో! పొయ్యికి పంకా ఏటే? ఈ కొంపలో నాకే నేదు పంకా. వొంకాయికేటి ఉక్కపోత?"

ఆ వ్యతిరేకత మర్నాడు పొద్దున్న దిబ్బరొట్టె బయటికి వచ్చేదాకానే. మూకుడు మీద నిప్పులు పోసి కాల్చినా ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉండే రొట్టె, పైనా కిందా ఒకే రంగులో పొంగి, లోపల దూదిలా ఉంది. ఉన్న నాలుగు పళ్ళకీ శ్రమ లేకుండా ముసలామె సగం రొట్టె తిని, పొయ్యిని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

చిక్కు వేరేచోట వచ్చింది. ఆ పొయ్యితో చిలకమ్మకి కొంచెం సమయం మిగిలింది. కింద పళ్ళెంలో చేప, పైన వంకాయలు పెట్టి తలుపు మూసింది. నీళ్ళు పట్టింది, గిన్నెలు తోమింది. పొయ్యి తన పని తను చేసుకుంటూనే ఉంది. తిప్పక్కర్లేదు, విసరక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. ఏం చెయ్యాలో తోచక వచ్చి గుమ్మంలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు మోకాళ్ళ మీద పెట్టి చూసి, చివరికి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురింటి గోడ మీది తీగకి నీలంపూలు పూస్తాయని, కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి ఆ పూట చూసింది. హాయిగా ఉంది. ఎవరిదో సొమ్ము కాజేసినట్టు భయంగానూ ఉంది.

భయం నిజమే అయింది. దారినపోతున్న ఈశ్వరరావుగారి భార్య చంద్రావతి ఆగిపోయింది.

"ఏం చిలకమ్మా, జ్వరమా?"

"నేదమ్మా, బాగానే ఉన్నాను."

"మరి కూర్చున్నావేం?"

"ఊరికే కూకున్నానమ్మా."

'ఊరికే' అన్న మాట చంద్రావతి వెంట వీధి చివరిదాకా వెళ్ళి, నాలుగు వీధులు తిరిగి, సాయంత్రానికి పెద్దదై వచ్చింది. మొగుడు కొట్టాడని కొందరు, కడుపుతో ఉందని కొందరు, గాలి సోకిందని కొందరు నిర్ధారించారు. పక్క క్వార్టర్లో బెంగాలీ దీదీ ఏ వివరమూ అడగకుండా హోమియోపతి మాత్రలు పంపింది. ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి, పట్టపగలు, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోవడమన్నది ఓల్డ్ సెటిల్‌మెంట్ చరిత్రలో అంతకుముందు జరిగినట్టు ఆధారాలు లేవు.

ఈలోగా నూకరాజు పొయ్యికి యజమానీ వ్యాఖ్యాతా అయిపోయాడు. రోజూ ఇంటికి నలుగురిని తీసుకొచ్చి, పొయ్యి పక్కన నిలబడి, పొడుగాటి స్క్రూడ్రైవరుతో చూపిస్తూ చెప్పేవాడు.

"మొదటిది, పొగ నేదు. రెండు, రెండు పళ్ళేలూ ఒక్కపాలే ఉడుకుతాయి. మూడు, వేడి ఎక్కడా ఎక్కువ తక్కువ నేదు. పై పళ్ళేనికీ కింద పళ్ళేనికీ సమానమే. ఇది సోసలిస్టు పొయ్యి! నాలుగోది, టైము మిగుల్తాది."

మొదటి మూడింటికి ఎవరికీ అభ్యంతరం లేదు. నాలుగోది విని ఈశ్వరరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"మిగిలిన టైము ఏం చేస్తున్నారు, నూకరాజూ?"

నూకరాజు భార్య వైపు చూశాడు. ఆవిడ ఆ సమయంలో వచ్చినవాళ్ళందరికీ టీలు అందిస్తోంది. దేశం అసలే గడ్డు పరిస్థితిలో ఉండగా ఇంత సమయం ఒక గుమ్మంలో వృథాగా పడి ఉండటం ఈశ్వరరావుగారిని కలచివేసింది. వెంటనే 'మిగులు సమయ వినియోగ ఉపసంఘం' ఏర్పడింది. ఉపసంఘం చిలకమ్మ మిగులులో కొంత అత్తగారి మోకాళ్ళకి నూనె మర్దనాకి, కొంత సంఘం అప్పడాలకి, కొంత కార్యదర్శిగారి పిల్లల స్వెట్టర్లకి, తక్కినది పొయ్యి చూడవచ్చే ప్రముఖుల ఫలహారాలకి కేటాయించింది. అంతా కూడితే మిగిలినదానికి రెట్టింపు అయింది. ప్రణాళికల్లో ఇది మామూలే.

చిలకమ్మ మళ్ళీ కూత కంటే ముందే లేవడం మొదలుపెట్టింది. గుమ్మం ఖాళీ అయింది. వీధి ఊపిరి పీల్చుకుంది.

సంఘం వార్షికోత్సవం వచ్చింది. హిజ్లీ ఐఐటీ నుంచి ఒక ప్రొఫెసరుగారు ముఖ్య అతిథి. 'గృహ వంటలో పంకా పొయ్యి ఉపయోగాలు' అన్న అంశం మీద నూకరాజుగారి ఉపన్యాసం, వెంటనే ప్రయోగం. అంతకు ముందు రోజు ఆయన ముందుగదిలో అద్దం ఎదుట నిలబడి ఉపన్యాసం వల్లిస్తున్నాడు. పెరట్లో చిలకమ్మ రోటి దగ్గర, సభలో కాల్చే రొట్టె కోసం మినపప్పు రుబ్బుతోంది. పక్కన శుభ్రం చెయ్యవలసిన చేప, తొడిమలు తీసి కోత పెట్టవలసిన వంకాయలు ఉన్నాయి.

"సోదరులారా! ఇందులో ఆడవారు చేయవలసిన పని ఏమియు లేదు. వస్తువును లోపల ఉంచుట, తలుపు మూయుట. అంతే! తక్కినదంతయు యంత్రమే చూసుకొనును."

ఆ వాక్యం నోటికి రావాలని ఆయన దాన్ని పదేపదే అన్నాడు. మొదట్లో చిలకమ్మకి కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. అన్నిసార్లు విన్నాక, నిజమే కాబోలు, చూస్తే పోలేదా అనిపించింది. చేతులు కడుక్కుంది. రుబ్బిన పిండితో ఆ పూట ఇంట్లో అట్లు పోసింది. చేపని, వంకాయల్ని, డబ్బాలో మిగిలిన నానబొయ్యని మినుముల్ని ఉన్నవి ఉన్నట్టే సంచీలో సర్ది మూతి కట్టింది.

మర్నాడు పొయ్యిని రిక్షాలో తెచ్చి వేదిక మీద పెట్టారు. సభ కిటకిటలాడింది. ఉపన్యాసం దివ్యంగా సాగింది. 'ఏమియు లేదు' దగ్గర చప్పట్లు మోగాయి. చిలకమ్మ జరీ అంచు చీర కట్టుకుని, అత్తగారి పక్కన, ఆడవాళ్ళ వరసలో కూర్చుని తనూ కొట్టింది. నూకరాజు సంచీ విప్పాడు. పొలుసులతో, మొప్పలతో చేప కళ్ళు తెరిచి ఆయన్నే చూసింది. ఆయన భార్య దగ్గరకి వంగి వచ్చాడు.

"ఏటే ఇది? పిండేది?"

"నాకేటి తెలుసు? లోపలెట్టి తలుపు మూసీడమే గదా. నువ్వే సెప్పినావు."

"అందరూ సూస్తన్నారే!"

"మరి కానీ. సూడ్డానికే గదా వొచ్చినారు."

వెనక్కి తగ్గే వీలు లేదు. నూకరాజు చేపని నిండు ప్రాణిలా పడుకోబెట్టి, మినుములు పళ్ళెంలో పోసి, వంకాయలు తొడిమలతో పేర్చి, తలుపు మూసి మీట నొక్కాడు. పంకా తిరిగింది. సోషలిజం మొదలైంది. కాసేపటికి మొదటి వంకాయ ఢామ్మని పేలింది. ఆ నక్సలైటు బాంబుల రోజుల్లో బెంగాల్లో చప్పుడైతే జనం ముందు నేల మీద పడుకుని తర్వాత కారణం అడిగేవారు. ప్రొఫెసరుగారు బల్ల కిందికి వెళ్ళారు. ఈశ్వరరావుగారు ఆయనకి తోడు వెళ్ళారు. తక్కిన వంకాయలు వరసగా పేలాయి. నూకరాజు తలుపు తెరిచాడు. పంకా ఇంకా తిరుగుతోంది. కడుపు తియ్యని చేప వాసన, అధ్యక్షులని ఆహూతులని తేడా లేకుండా, చివరి వరస దాకా సమానంగా పంచబడింది.

ప్రొఫెసరుగారు బల్ల కింద నుంచి వచ్చి, బట్టలు దులుపుకుని, ఇది వైఫల్యం కాదనీ విలువైన ఫలితమనీ ఇంగ్లీషులో ప్రసంగించారు. దండ ముందే తెచ్చి ఉంచారు కనక నూకరాజు మెడలో వేశారు.

పొయ్యితో సహా ఇంటికి రాగానే ఆయన దండ తీసి మంచం మీదికి విసిరాడు.

"నా పరువు తీసీసినావు!"

"నానేటి సేసినాను?"

"ఏటీ సెయ్యనేదు! అదే నువ్వు సేసింది!"

"అయితే నాను సెయ్యకపోతే పనవ్వదని ఇప్పుడు తెలిసిందేటి?" అంది చిలకమ్మ. గొంతు పెంచలేదు.

"రేపే ఈ దరిద్రాన్ని సంఘానికి ఇచ్చీసి వొస్తాను. నీకు బొగ్గులే సరి."

చిలకమ్మ కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరకెళ్ళి నిలబడింది. మూలనుంచి పోలమ్మ కదిలింది.

"ఇచ్చీరా నాయనా, ఇచ్చీ. నన్ను కూడా ఆ రిచ్చాలోనే ఎక్కించీ. నేకపోతే తెల్లారగట్ల లెగిసి ఇసనకర్ర నువ్వొట్టుకో. నాకు రొట్టి కావాలి. మెత్తగుండాలి. మాడితే తిన్ను."

నూకరాజు తల్లి వైపు చూశాడు, పెరట్లో విసనకర్ర వైపు చూశాడు. పొయ్యి ఇంట్లోనే ఉండిపోయింది.

చిలకమ్మ మర్నాటి నుంచి మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. ఈసారి పక్కన అత్తగారు కూడా. అప్పడాలు, స్వెట్టర్లు అడగడానికి ఉపసంఘం వారికి మొహం చెల్లలేదు. ఒకరోజు చంద్రావతి శుభ్రం చేసిన చేపముక్కలు గిన్నెలో పెట్టుకుని వచ్చింది.

"రెండో పళ్ళెం ఖాళీగా ఉంటే..."

"పెట్టండమ్మా."

పెట్టింది. వెళ్ళకుండా నిలబడింది. అటూ ఇటూ చూసి, చీర సర్దుకుని, మెట్టు మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకీ తెలియలేదు. ఆ వారంలో బెంగాలీ దీదీ వచ్చింది, కొట్టు కోటిలింగంగారి భార్య కన్యకాంబ వచ్చింది. పొయ్యి ఒకటే, పళ్ళేలు రెండే. కాని వంతు కోసం కూర్చోవాలి కదా. వంతు లేని రోజున కూడా కూర్చునేవారు.

వీధి మగవాళ్ళు కలవరపడ్డారు. ఒకామెకి గాలి సోకిందనుకోవచ్చు, వీధి మొత్తానికి ఎలా అనుకోవడం? ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఈశ్వరరావుగారు ఆలోచించి, వార్షిక నివేదికలో ఒక వాక్యం చేర్చారు: 'సంఘం ఆధ్వర్యంలో మహిళలకు పంకా పొయ్యి సాంకేతిక శిక్షణా తరగతులు దిగ్విజయంగా నడుస్తున్నవి.' అంతే, కలవరం పోయింది. ఆ రోజు నుంచి మీ ఆవిడ ఎక్కడని ఎవరైనా అడిగితే, "క్లాసుకెళ్ళింది" అని మొగుళ్ళు గర్వంగా చెప్పేవారు.

ఏడాది తిరిగింది. శిక్షణ పొందిన మహిళలకి ధ్రువపత్రాలు ఇవ్వాలని సంఘం నిర్ణయించింది. పెద్ద సభ, పెద్ద అతిథులు. సభకి వచ్చేవారందరికీ ఫలహారాలు తయారుచేసే బాధ్యతను, వంటలో సుశిక్షితులు కనక, ధ్రువపత్రాలు అందుకోబోయే మహిళలకే ఏకగ్రీవంగా అప్పగించారు. ఈ శుభవార్త చెప్పడానికి ఈశ్వరరావుగారు స్వయంగా వచ్చారు. మెట్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళలో ఆయన భార్య కూడా ఉంది. ఎవరూ లేవలేదు.

"ఆ పూట కుదరదు బాబూ," అంది చిలకమ్మ. "మాకు కలాసుంది."

సభ ఆగలేదు. సింగాడాలనే సమోసాలు, రసగుల్లాలు బెంగాలీ మిఠాయి కొట్టు నుంచి వచ్చాయి. శిక్షణ పొందినవారు తరగతిలో ఉన్నందున, ధ్రువపత్రాలను వారి తరఫున భర్తలు వేదికెక్కి, చప్పట్ల మధ్య అందుకున్నారు. ఆ వీధిలో కొన్ని ఇళ్ళ ముందుగదుల్లో అవి అద్దం కట్టించి ఉంటాయి. మీరు వెళ్ళి అడిగితే, ఇంటాయన కుర్చీ లాక్కుని, దాన్ని ఎంత కష్టపడి సంపాదించిందీ మొదట్నుంచీ చెబుతాడు. మధ్యలో లోపలి నుంచి టీ వస్తుంది. తెచ్చిందెవరో తలెత్తి చూడకుండానే మీరు అందుకుంటారు.